‘మరి కనపడాల’ అన్న మనిషి

2022 మే నెల. బళ్లారి బ్రూస్‌పేటలో మా కెమెరాల అంగడి. మా తాత అదే గదిలో జరీ అంచులు అమ్మాడు, మా నాన్న రేడియోలూ గడియారాలూ అమ్మాడు, నేను ముప్పై ఏళ్లుగా కెమెరాలు, లెన్సులు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను, అద్దెకిస్తున్నాను. పెళ్లి ఫోటోగ్రాఫర్లే మాకు అన్నం పెట్టేది. తక్కినవాళ్లలో సగంమంది అంగట్లో ఫ్యాను కింద కూర్చుని, లెన్సు చేతిలో పట్టుకుని నలుదిక్కులా చూసి, బయటి మెట్ల మీదే నిలబడి ఫోనులో ఆర్డరు పెట్టుకునేవాళ్లు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సంగతి ముఖంలో దాచుకోవడం నాకు ఇప్పటికీ చేతకాదు.

నన్ను అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: “అన్నా, అంత డబ్బు పోసి ఆ పెద్ద టెలిఫోటో జూమ్ కొనాల్నా, వద్దా?” టెలిఫోటో జూమ్ అంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగి చూపించే లెన్సు. దాని శక్తిని మిల్లీమీటర్లలో చెబుతారు. అంకె పెద్దదయ్యేకొద్దీ దూరం దగ్గరవుతుంది. చవక రకాలు ఎండ ఉన్నంతసేపు బాగానే పనిచేస్తాయి, పొద్దు వాలిందంటే తడబడతాయి. ఖరీదైన రకాల గొప్పతనమంతా వాటి ‘అపర్చర్’లో ఉంది. అపర్చర్ అంటే లెన్సు కంటిపాప అనుకోండి. అది ఎంత వెడల్పుగా తెరుచుకుంటే అంత వెలుతురు లోపలికొస్తుంది. దాన్ని మేము ‘ఎఫ్’ అంకెలతో చెప్పుకుంటాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, అంకె చిన్నదైతే కన్ను పెద్దది. ఎఫ్ 2.8 ఉన్న టెలిఫోటో అంటే మా వ్యాపారంలో దొరగారు.

అలాంటి దొరగారు ఒకరు అప్పటికి రెండేళ్లుగా మా అద్దాల బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్నారు. 120-300 జూమ్, ఎఫ్ 2.8. మూడు కిలోల పైన బరువు, రెండు లక్షల పైన ధర. ఒక గనుల యజమాని కొడుకు పక్షుల ఫోటోల పిచ్చిలో తెప్పించమని చెప్పి, అది వచ్చేలోపు మోటారుసైకిళ్ల పిచ్చిలోకి మారిపోయాడు. నేను రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, తేమ పీల్చుకునే పొట్లాలు మార్చి పెట్టేవాణ్ణి. మా ఆవిడ దాన్ని ‘మీ మూడో సంతానం’ అనేది.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. భుజాన తువ్వాలు. ఎడమ చెంప మీద చెవి దగ్గర్నుంచి నోటి మూల దాకా కుట్ల గుర్తులు, ఇంకా పచ్చిగా ఎర్రగా ఉన్నాయి. ఎడమ కన్ను మూతపడటం లేదు, నీరు కారుతోంది. తువ్వాలు కొసతో అద్దుకుంటూనే ఉన్నాడు. లారీ ప్రమాదం అనుకున్నాను. మా జిల్లాలో ముఖం మీద కుట్లు కనపడితే ముందు తోచేది అదే.

“నా పేరు హొన్నూరప్ప సార్. చోరనూరు. సేద్యం చేస్తాం. నాకు ఒగ లెన్సు కావాల” అన్నాడు.

“ఏం తీయాలప్పా? పెండ్లా, జాతరా?”

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి వీధి చూసుకుని గొంతు తగ్గించాడు. “అయ్యేం కాదు సార్. మరి దూరంలో ఉంటాది. పొద్దు మునిగే ముందర వస్తాది. మరి కనపడాల, బాగా కనపడాల.”

ఇక్కడ నా చెవుల సంగతి చెప్పాలి. మా ఆవిడది గుంటూరు పక్క. ఆమె ఏ మాట మొదలుపెట్టినా ముందొక ‘మరి’, ముగించాక వెనకొక ‘మరి’ ఉంటుంది. ‘మరి అన్నం పెట్టనా’, ‘పెరుగు తోడుకోలేదు మరి’. ముప్పై ఏళ్ల కాపురంలో నా చెవులు ఆ మాటను వడగట్టి పారేయడం నేర్చుకున్నాయి. హొన్నూరప్ప అన్న రెండు ‘మరి’లనూ అవి అలాగే పారేశాయి. ‘మరీ దూరం’ అన్నాడనుకున్నాను, అంతే.

“ఎంత దూరం?”

“మా చేని బండ కాడ్నుంచి ఎదురు గుట్టకు. నూరు మీటర్లు ఉంటాది అందాజుగా. ఆ పక్కకు పోయి కొలిచేకి లేదు.”

“వచ్చేది ఏంది?”

“వస్తాది సార్” అని ఊరుకున్నాడు.

చోరనూరు అంటే సండూరు తాలూకా. గుట్ట పక్క, పొద్దు మునిగే వేళ, దూరం నుంచి చాటుగా ఫోటో. బళ్లారిలో పుట్టినవాడికి ఇవన్నీ కలిపితే వచ్చేది ఒకటే: దొంగతనంగా ఖనిజం తోలే లారీలు. అలాంటి సంగతుల్లో ఎక్కువ అడగకపోవడమే అంగడివాడి ఆరోగ్యానికి మంచిది. లారీ ఎంత పెద్దది! దానికి 70-200 జూమ్ చాలు, పెళ్లి ఫోటోగ్రాఫర్లు స్టేజి ఎదుట వాడేది. ఒక కెమెరాకు తగిలించి అద్దెకిచ్చాను. అన్నీ కెమెరానే చూసుకునేలా ‘ఆటో’ పద్ధతిలో పెట్టి, ఏ మీట నొక్కాలో చూపించాను.

పోతూ పోతూ బీరువా దగ్గర ఆగాడు. “ఆ పెద్దది ఎంత సార్?”

చెప్పాను. సాధారణంగా ఆ ధర విన్నవాళ్లు నవ్వుతారు, లేకపోతే దగ్గుతారు. ఈయన రెండూ చేయలేదు. “సరే. దీంతో కాకపోతే అది కొంటా” అని వెళ్లిపోయాడు. సేద్యం చేసుకునే మనిషికి ఇంత పట్టుదల ఏమిటని నాకు కొంచెం నవ్వొచ్చిన మాట నిజం.

శుక్రవారం తిరిగొచ్చాడు. ఫోటోలు కంప్యూటర్‌లో వేశాను. బూడిద రంగు గుట్ట, బండలు, ముళ్ల చెట్లు. అన్నింట్లోనూ బండల మధ్య ఒక నల్లటి ముద్ద.

“లారీ ఏదప్పా?”

“ఏ లారీ సార్?”

“ఈ నల్లగుండేది ఏంది?”

“కరడి సార్.”

ఎలుగుబంటిని మా పక్క తెలుగువాళ్లం కూడా కన్నడంలో లాగే కరడి అంటాం. ఫోటోను పెద్దది చేశాను. పెద్దది చేసేకొద్దీ నల్లటి ముద్ద చెదిరి రవ్వలా గింజలు గింజలుగా అయిపోయింది.

“ఉంది కదప్పా కరడి. కనపడింది కదా.”

“కరడి కనపడింది సార్. మరి కనపడల్యా.”

“ఏంది నీ మాట! కనపడింది అంటావు, మళ్ల కనపడల్యా అంటావు. ఏదో ఒగటి చెప్పు!” విసుక్కున్నాను.

“అయ్యో, మరి సార్, మరి! కరడి మరి!” అంటూ ఆయన కుర్చీలోంచి లేచి, ముందుకు వంగి, రెండు చేతులూ వెనక్కి తిప్పి తన వీపు మీద తట్టుకున్నాడు.

అప్పుడు వెలిగింది. కన్నడంలో మరి అంటే పిల్ల. కుక్కమరి, మేకమరి, కరడిమరి. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. ఆయన పూర్తిగా కన్నడంలో మాట్లాడి ఉంటే నాకు వెంటనే తెలిసేది, పూర్తిగా తెలుగులో మాట్లాడి ఉంటే ‘పిల్ల’ అనేవాడు. మా ఊళ్లో ఎవరి నోరూ ఒక భాషలో నిలవదు, తెలుగు మాటల మధ్య కన్నడం మాట వచ్చి కూర్చుంటుంది. మొదటి రోజే ఆయన నాకు అంతా చెప్పాడు. పిల్ల దూరంలో ఉంటుంది, పిల్ల కనపడాలి అని. నేను వినలేదు. నా చెవుల పుణ్యమా అని ఆయనకు నాలుగు రోజులు దండగయ్యాయి.

ఆ నాలుగు రోజుల విలువ ఎంతో అప్పుడే తెలిసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆయన చెప్పుకొచ్చాడు.

“శివరాత్రికి ముందర సార్. మా బర్రె తప్పించుకోని గుట్టలోకి పాయ. ఎదుక్కుంటా పోయినా. ఒగ బండ తిరిగినానో లేదో, ఎదురుగా లేచి నిలబడె. ఒగటే దెబ్బ.” చెంప తాకి చూపించాడు. “కింద పడతా పడతా చూసినా. దాని వీపు మీద ఏదో కదిలె. చిన్న మూతి, తెల్లగా. మరి అది. ఆమేలె నాకు తెలివి లేదు.”

ఆసుపత్రిలో ముఖమంతా కట్లతో పడుకుని ఉన్నప్పుడు ఊరి పెద్దలు ఒక అర్జీ రాసుకొచ్చారు. కరడిని బోను పెట్టి పట్టుకుని దూరపు అడవిలో వదిలేయాలని. దెబ్బ తిన్నవాడి సంతకం ముందుండాలి కదా. ఏముందో చదవడానికి కళ్లకు కట్లు. చేయి పట్టించి సంతకం పెట్టించుకున్నారు. ఆ అర్జీ మీదే అటవీశాఖ బోను మంజూరు చేసింది. వచ్చే సోమవారం తెచ్చి పెడతారు.

“బోన్లోకి పోయేది తల్లి సార్. తిండి వాసనకు అదే ముందర పోతాది. మరి బయట్నే ఉంటాది. తల్లిని తీస్కపోతే అది రెండు దినాలు బతకదు. రేంజర్‌కు చెప్పినా. ‘మా వాచర్లు చూసినారు, మరి లేదన్నారు, ఉంటే ఫోటో తీస్కరా’ అన్నాడు. నా ఫోన్లో తీస్తే చుక్క మాదిరి పడె.”

ఒక మనిషి, తన ముఖం చీల్చిన జంతువు కోసం, కారుతున్న కన్ను తుడుచుకుంటూ, రెండు లక్షల లెన్సు కొంటానని వచ్చి నా ముందు కూర్చున్నాడు. అడగకుండా ఉండలేకపోయాను. “నిన్ను ఇంత చేసింది కదప్పా. దాని మీద కోపం లేదా?”

“అది నన్ను తినేకి రాల్యా సార్” అన్నాడు చాలా మామూలుగా. “నేనే పోయి దాని మరి ముందర నిలబడినా.”

అప్పుడు నా పని నేను చేశాను. వెనక గదిలో ఒక కుర్చీ మీద నా నల్ల గొడుగు విప్పి పెట్టి, దాని మీద రెండు నల్ల తోలు సంచులు ఉంచాను. లైటు ఆపేశాను. తలుపు సందులోంచి వచ్చే వెలుతురు తప్ప ఏమీ లేదు. నలుపు మీద నలుపు, మసక చీకటి. ఆయన గుట్ట దగ్గర ఉన్న చిక్కు సరిగ్గా ఇదే. ముందు 150-600 తగిలించాను. చవకలో దొరికే పొడుగు జూమ్. బాగా దగ్గరికి లాగుతుంది, కానీ అంత పొడుగుకు సాచినప్పుడు దాని కంటిపాప ఎఫ్ 6.3 దాటి తెరుచుకోదు. వెలుతురు చాలక కెమెరా ‘ఐఎస్ఓ’ పెంచుకుంది. ఐఎస్ఓ అంటే ఉన్న కాస్త వెలుతురునే బలవంతంగా పెద్దది చేయడం. అలా చేస్తే ఫోటో నిండా గింజలు పడతాయి. గొడుగు, సంచులు కలిసి ఒకే ముద్దగా వచ్చాయి.

తర్వాత బీరువా తెరిచి దొరగారిని దింపాను. రెండేళ్ల తర్వాత మొదటిసారి దాన్ని పనిలో పెట్టడం. అదే కుర్చీ, అదే చీకటి. ఫోటోలో గొడుగు ఊచల మీద గుడ్డ ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో తెలిసింది. సంచుల కుట్లు లెక్కపెట్టొచ్చు. నాకే ఆశ్చర్యమేసింది. ఆయన కూడా చూస్తానన్నాడు. వ్యూఫైండర్‌లో, అంటే కెమెరా వెనక కన్ను పెట్టి చూసే కంతలో, అందరం ఎడమ కన్ను మూసుకుని కుడి కన్నుతో చూస్తాం. ఆయనకు ఎడమ కన్ను మూతపడదు కదా. అరచేతిని కన్నుకు అడ్డం పెట్టుకుని చూశాడు.

“ఇదే సార్. కట్టీయండి” అని చొక్కా లోపలి నుంచి గుడ్డసంచి తీశాడు. పరిహారంగా సర్కారు ఇచ్చిన డబ్బట.

నిజం చెబుతాను. నా నోరు ఊరింది. రెండేళ్లుగా కదలని సరుకు. కొనేవాడు బేరమాడటం లేదు, తొందరలో ఉన్నాడు. అట్టపెట్టె అందుకోవడానికి చేయి పైకి పోయింది కూడా. కానీ అరచేయి అడ్డం పెట్టుకుని చూసిన ఆ మనిషిని చూశాక చేయి ముందుకు పోలేదు.

“రేపు నేనే తీస్కోని వస్తా. నీ గుట్ట ముందర పనిచేస్తే అప్పుడు కొను. కాకపోతే వద్దు” అన్నాను.

మంచితనంతో అన్నానని గొప్పలు పోను. మూడు కిలోల లెన్సు కొత్త చేతిలో ఒక్క సాయంత్రంలో పని ఇస్తుందా అన్న భయం కొంత. అంతకంటే ఎక్కువ, నాకూ చూడాలనిపించింది. ముప్పై ఏళ్లు టెలిఫోటోలు అమ్మాను గానీ, దానితో చూడదగ్గది నేను ఒక్కటీ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం లెన్సును పసిబిడ్డను చుట్టినట్టు రెండు తువ్వాళ్లలో చుట్టి కారులో పెట్టుకుని బయలుదేరాను. సండూరు దారి సంగతి తెలిసిందే, ముందు పోయే టిప్పరు లేపిన ఎర్ర దుమ్ము తగ్గేలోపు ఎదురు టిప్పరు వస్తుంది. ఆ దుమ్ము లెన్సుల్లో దూరకుండా చూడటమే మా వృత్తిలో సగం పని. చోరనూరు చేరేసరికి నాలుగున్నర.

హొన్నూరప్ప భార్య సుంకమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు చేతిలో పెడుతూనే అడిగింది. “అన్నా, మీరేనా ఆ రెండు లక్షల అద్దం అమ్మేది?”

“అవునమ్మా.”

“ఆ దుడ్లు యాటివో ఈయప్ప చెప్పినాడా? కంటి ఆపరేషన్‌కు పెట్టినవి. రెప్ప మూతపడేట్ల చేయకపోతే కన్నే పోతాదని డాక్టర్ చెప్పినాడు. ఈయప్ప ముఖం చించిన దానికి ఫోటో తీసేకి, ఈయప్ప కన్ను అమ్ముకోవల్లా అన్నా?”

నేను హొన్నూరప్ప వైపు చూశాను. ఆయన మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు. “కన్ను వచ్చే నెల అయినా చేయించుకోవచ్చు. బోను సోమవారం వస్తాది” అన్నాడు నెమ్మదిగా. నిన్ననే పెట్టెలో పెట్టి ఇచ్చి ఉంటే నేను ఏం అమ్మినవాణ్ణి అయ్యేవాడినో తలుచుకుని, మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

ముగ్గురం చేనికి పోయాం. సుంకమ్మ కోపంగానే వచ్చింది, కానీ వచ్చింది. బుడ్డలు, అంటే వేరుశనగ, పీకేసిన చేను ఎండకు బీటలు తీసి ఉంది. చేని చివర ఏనుగంత బండ. దాని వెనక కూర్చుంటే ఎదురుగా గుట్ట, గుట్ట నడుములో నల్లగా గుహ నోరు. గాలి గుట్ట వైపు నుంచి మా వైపు వీస్తోంది. వాసన పసిగట్టదు, ఇంకేం భయం లేదన్నాడు హొన్నూరప్ప. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించాను. ట్రైపాడ్ అంటే మూడుకాళ్ల పీట, అంత బరువును చేత్తో పట్టుకుంటే ఫోటో అదురుతుంది.

కూర్చున్నాం. ఎండ బండల మీద నుంచి పసుపై, ఎర్రబడి, ఎటో జారిపోయింది. నా చేతి గడియారంలో ఆరున్నర దాటింది. చవక లెన్సులు చేతులెత్తేసే వేళ. హొన్నూరప్ప నా మోచేయి తాకాడు.

“వస్తాండాది.”

నా కంటికి ఏమీ కనపడలేదు. ఆయన ఒంటి కన్నుతో చూస్తున్నదాన్ని నేను రెండు కళ్లతోనూ చూడలేకపోయాను. లెన్సులో కన్ను పెట్టాను.

గుహ నోట్లోంచి నలుపు బయటికి వచ్చింది. తల ఊపుకుంటూ, ముందు కాళ్లు లోపలికి తిప్పి వేసుకుంటూ, తొందర లేకుండా. గోళ్లు పొడుగ్గా తెల్లగా మెరిశాయి. ఆ గోళ్ల రాత నా పక్కన కూర్చున్న మనిషి చెంప మీద ఉంది. అది ఒక బండ దగ్గర ఆగి పక్కకు తిరిగింది. వీపు మీద జూలు గుబురుగా లేచి ఉంది. ఆ గుబురు కదిలింది. గాలి అనుకున్నాను. గాలి కాదు. జూలులోంచి ఒక మూతి పైకి లేచింది, బూడిద తెలుపు, అరచేయంత. రెండు చెవులు. రెండు బొట్టు కళ్లు. అది తల్లి భుజం మీదుగా మా వైపే చూసింది. దాని వెనక ఇంకొక ముద్ద ఒత్తిగిల్లింది, తల్లి వెంట్రుకలు నోట కరుచుకుని నిద్రపోతూ.

మరి ఒకటి కాదు. రెండు.

నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. ఇంత లోకంలో, ఇంత దుమ్ములో, ఇన్ని లారీలు తిరిగే గుట్టల్లో ఈ తల్లి రోజూ సాయంత్రం ఇద్దరిని వీపున వేసుకుని వంటకు కూరగాయలు తేవడానికి పోయినట్టు పోతోంది. నేను పక్కనే ముప్పై ఏళ్లుగా అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

“నొక్కన్నా!” హొన్నూరప్ప గుసగుసగా అన్నాడు. “నొక్కు!”

ముప్పై ఏళ్లుగా ఊరందరికీ మీట నొక్కడం నేర్పినవాణ్ణి, నేనే నొక్కడం మర్చిపోయాను. నొక్కాను, మళ్లీ నొక్కాను. తర్వాత లేచి ఆయన్ను కూర్చోబెట్టాను. ఎడమ కన్నుకు అరచేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి ఏడ్చాడో లేదో నాకు తెలియదు.

“చూడు” అని భార్యకు చోటిచ్చాడు. సుంకమ్మ వద్దంటూనే వంగింది.

“రెండా!” అంది. “ఒగదాన్ని సంకనేసుకోని కలుపు తీసేటప్పటికే నాకు నడుములు పడిపోతాండె. ఇది రెండిటిని మోసుకోని గుట్టెక్కుతాండాదే!” మళ్లీ వంగి చూసింది. దారి పొడుగునా తిట్టిన ఆమె, తిరిగి వచ్చేటప్పుడు కెమెరా సంచి తనే పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే రేంజర్ ఇంటికి పోయాం. కన్నడ మనిషి, నెమ్మదస్తుడు. పళ్లు తోముకుంటున్నవాడు నోరు కడుక్కుని వచ్చి కెమెరా అందుకున్నాడు. వెనక తెర మీద ఫోటోను నేను పెద్దది చేసి చూపించాను. ఆయన వేలు పెట్టి లెక్కపెట్టాడు. “ఒందు...” వేలు జరిపాడు. “ఎరడు.” తలెత్తి నా వైపు కాదు, హొన్నూరప్ప చెంప వైపు చూశాడు. “మరి ఇద్రె బోను ఇడో హాగిల్ల” అన్నాడు. పిల్లలుంటే బోను పెట్టడానికి లేదు. ఫోటో ఒకటి తన దస్త్రంలో పెట్టుకున్నాడు. పిల్లలు పెద్దవై విడిపోయేదాకా ఆ గుట్ట వైపు ఎవరూ పశువుల్ని తోలకుండా ఊళ్లో చాటింపు వేయిస్తానన్నాడు. వేయించాడు కూడా. బోను రాలేదు.

ఆ వారంలోనే హొన్నూరప్ప మళ్లీ అంగడికొచ్చాడు. గుడ్డసంచి తెచ్చాడు. “కొంటానని మాట ఇచ్చినా కదన్నా. కొనాల్నా?”

అప్పటికి ఆయన నోట నేను ‘సార్’ పోయి ‘అన్న’ అయ్యాను. “ఇంక దాంతో ఏం చూస్తావప్పా?” అన్నాను.

ఆలోచించాడు. “ఏం లేదన్నా. మరిని అది చూసుకుంటాది. నేను చేను చూసుకుంటా.”

“అయితే పోయి కన్ను చేయించుకో.”

కథ అక్కడితో ముగిసి ఉంటే నేను మంచివాణ్ణని చెప్పుకుంటూ బతికేవాణ్ణి. ముగియలేదు. ఆ ఫోటోను నేను రెండడుగుల కాగితం మీద వేయించి, పటం కట్టించి, అంగడి ముందు అద్దంలో పెట్టాను. నా బతుకులో నేను తీసిన మంచి ఫోటో అదొక్కటే, పెట్టుకోనా? వీధిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు టీ తాగడానికని వచ్చి దాని ముందు నిలబడేవాళ్లు. ఏ లెన్సు అని అడిగేవాళ్లు, నేను బీరువా చూపించేవాణ్ణి. ఎక్కడ తీశారని కూడా అడిగేవాళ్లు. ఒక రోజు ఖరీదైన చొక్కా వేసుకున్న గిరాకీ ఒకడు బాగా పొగిడి అడిగితే, పొగడ్తకు ఉబ్బిపోయి “చోరనూరు పక్క” అన్నాను. రెండే మాటలు.

నాలుగు రోజులకు హొన్నూరప్ప వచ్చాడు. ఆపరేషన్ తేదీ ఖాయమైందని చెప్పాడు. పటం వైపు కాసేపు చూశాడు.

“మొన్న ఒగ జీపు వచ్చిండెన్నా మా ఊరికి. నలుగురు. బళ్లారిలో ఫోటో చూసినామన్నారు. గుహ యాడ, చూపిస్తే దుడ్లిస్తామన్నారు. నాకు తెలీదన్నా. సుంకమ్మ కూడా తెలీదన్నది.” అంతే అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“మళ్లొస్తారు అన్నా వాండ్లు” అన్నాడు. “వాండ్లు రాకున్నా ఇంగొకరు వస్తారు. దగ్గరికి పోతారు. అది లేచి నిలబడతాది. మళ్ల ఒగ అర్జీ, మళ్ల ఒగ బోను.”

లేచి పోయి అద్దంలోంచి పటం తీశాను. చట్రం విప్పి, ఫోటోను ఆయన ముందే కత్తెరతో ముక్కలు చేశాను. కెమెరాలో కార్డు పెట్టి, ఆ సాయంత్రం తీసినవన్నీ ఒక్కొక్కటే తీసేశాను. ప్రతిసారీ కెమెరా ‘నిజంగానే తీసేయాలా’ అని అడుగుతుంది. ప్రతిసారీ అవునన్నాను. చివరిది, ఆ చిన్న మూతి మా వైపు చూస్తున్నది, తెర మీద కాసేపు ఉంచాను. హొన్నూరప్ప కూడా చూశాడు. తర్వాత నేనే నొక్కాను. ఇప్పుడది రేంజర్ దస్త్రంలో తప్ప ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. పెద్ద లెన్సు కొనాల్నా వద్దా అని ఎవరైనా అడిగితే ధర దగ్గర మొదలుపెట్టను. ఏం చూడాలి, ఏ వేళ, ఎక్కడ నిలబడి, అని అడుగుతాను. చెప్పిన ప్రతి మాటా, మా ఆవిడ ‘మరి’లతో సహా, శ్రద్ధగా వింటాను. అన్నీ అయ్యాక ఇంకొకటి అడుగుతాను: చూడవలసింది కనపడ్డాక, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోగలవా? చాలామంది నవ్వేసి మళ్లీ ధర దగ్గరికే వస్తారు. పోగలనని ఆలోచించి చెప్పినవాడికి మాత్రం కొనుక్కోమంటాను. ఆ పని నాకు చేతకాలేదు. చేతనైనవాడు ఒకడు మా అంగడికి వచ్చి, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.